టైటానియం డయాక్సైడ్ నానో పొడి చేతిలో ఉంది: ఎక్స్‌ఆర్‌డీనా, రామనా, టీఈఎమ్మా?

ఫర్నేస్‌లోంచి తెల్లటి పొడి బయటికొచ్చింది. సోల్-జెల్‌లో చేశారో, హైడ్రోథర్మల్‌లో చేశారో కానీ సీసాలో రెండు గ్రాములకు మించి లేదు. "ఫేజ్ ఏంటో తేల్చుకుని రా" అన్నారు గైడ్ గారు, అంటే అది ఏ స్ఫటిక రూపంలో ఉందో చెప్పాలి. డిపార్ట్‌మెంట్‌లో మిషన్ లేదు, బయట చేయించాలంటే శాంపిల్‌కి ఇంత అని కట్టాలి, చేతిలో ఉన్న డబ్బు ఒకటి రెండు పరీక్షలకే సరిపోతుంది. సీనియర్‌ని అడిగితే ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు ఏ కోణాల్లో చెదురుతాయో చూడటం) అంటాడు, పక్క ల్యాబ్ అమ్మాయి రామన్ (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి కంపనాలు చూడటం) చాలంటుంది, పేపర్లు తిరగేస్తే ప్రతి దాంట్లో టీఈఎం (పదార్థం గుండా ఎలక్ట్రాన్లు పంపే మైక్రోస్కోప్) బొమ్మలే. దేనికి డబ్బు పెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొడి అయితే మొదట ఎక్స్‌ఆర్‌డీ, అదీ ఓపికగా, నెమ్మదిగా తీయించింది. ఆ తర్వాత రామనా టీఈఎమ్మా అన్నది మీ ప్రశ్నను బట్టి. మూడూ హడావిడిగా తీయించుకోవడం కన్నా ఒక్కటి సరిగ్గా తీయించడం చాలా మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్న ఏంటో రాసుకోండి

టైటానియం డయాక్సైడ్‌లో ఎక్కువగా ఎదురయ్యేవి మూడు రూపాలు: అనటేస్, రూటైల్, బ్రూకైట్. మూడింటిలోనూ ఒక టైటానియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. ఆ ఎనిమిది ముఖాల దిమ్మలు ఒకదానికొకటి ఎలా అతుక్కున్నాయన్నదే తేడా. రూటైల్‌లో ఒక్కో దిమ్మ పక్క దిమ్మలతో రెండు అంచులు పంచుకుంటుంది, బ్రూకైట్‌లో మూడు, అనటేస్‌లో నాలుగు. ఇంత చిన్న తేడాకే బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం) మారుతుంది, ఫొటోక్యాటలిస్ట్‌గా, అంటే వెలుగు తగిలితే రసాయన చర్యను నడిపేదిగా పనితీరు మారుతుంది. అనటేస్‌కు దాదాపు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, రూటైల్‌కు 3.0.

పెద్ద గింజల్లో రూటైలే స్థిరమైనది. కణం బాగా చిన్నదైతే, సుమారు 14 నానోమీటర్ల లోపు, అనటేస్‌కే స్థిరత్వం ఎక్కువని 1998లో జాంగ్, బాన్‌ఫీల్డ్ చూపించారు. అంటే మీ పొడిలో ఏ ఫేజ్ ఉందన్నదీ, కణం ఎంతుందన్నదీ విడివిడి ప్రశ్నలు కావు, రెండూ ముడిపడి ఉంటాయి.

పరీక్ష ఎంచుకునే ముందు నేనైతే ఇవి చూస్తాను. కావాల్సింది ఫేజ్ పేరా, ఏది ఎంత శాతమా, కణం సైజా, లేక ఒక్క కణంలో పరమాణువుల వరుసా? శాంపిల్ పొడిగా ఉందా, గాజు మీద పొరగా ఉందా, టైటానియం రేకు మీద నాటుకున్న ట్యూబులుగా ఉందా? పదార్థం ఎంతుంది? మొత్తం పొడికి సగటు జవాబు కావాలా, ఒక మూల ఏముందో కావాలా? చివరిది డబ్బు, వెయిటింగ్. చాలామంది ఈ చివరిదానితోనే మొదలుపెడతారు, ఏ మిషన్ ఖాళీగా ఉంటే దానికి శాంపిల్ పంపేసి తర్వాత ప్రశ్న వెతుక్కుంటారు. నేను చూసిన తప్పుల్లో సగం అక్కడే మొదలయ్యాయి.

| మీకు తెలియాల్సింది | మొదట | తోడుగా | దీనితో తేలదు |
|---|---|---|---|
| పొడిలో ఏ ఫేజ్ ఉంది | ఎక్స్‌ఆర్‌డీ | రామన్ | ఎస్‌ఈఎం (పైరూపం చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) |
| అనటేస్ ఎంత శాతం, రూటైల్ ఎంత | ఎక్స్‌ఆర్‌డీ, రీట్‌వెల్డ్‌తో (మొత్తం గ్రాఫ్‌ను ఫిట్ చేసే లెక్క) | అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేని భాగం) లెక్కకు కొలిచి కలిపిన ప్రామాణిక పొడి | రామన్ ఒక్కటే, టీఈఎం |
| రూటైల్‌లో కొద్దిపాటి అనటేస్ | రామన్ | నెమ్మది ఎక్స్‌ఆర్‌డీ | వేగంగా తీసిన ఎక్స్‌ఆర్‌డీ |
| ఎఫ్‌టీఓ గాజు (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత ఉన్నది) మీద పలుచటి పొర | రామన్ | తక్కువ కోణపు ఎక్స్‌ఆర్‌డీ | మామూలు పౌడర్ స్కాన్ |
| కణం ఆకారం, బయటి ముఖాలు, రెండు ఫేజుల అతుకు | టీఈఎం | ఎక్స్‌ఆర్‌డీ | రామన్ |
| పీకులే సరిగా రాని అతి చిన్న కణాలు, టైటనేట్ ట్యూబులు | పీడీఎఫ్ (పరమాణు జంటల మధ్య దూరాల విశ్లేషణ), ఎక్స్-రే శోషణ | టీఈఎం, రామన్ | మామూలు ఎక్స్‌ఆర్‌డీ ఒక్కటే |

పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ

కాపర్ ట్యూబు ఉన్న మామూలు మిషన్‌లో అనటేస్ ప్రధాన పీకు 25.3 డిగ్రీల దగ్గర, రూటైల్‌ది 27.4 దగ్గర వస్తుంది (ఇక్కడ చెప్పే కోణాలన్నీ 2 థీటా). మధ్యలో రెండు డిగ్రీల ఎడం ఉంది కాబట్టి ఈ రెంటినీ విడదీయడం తేలిక. చిక్కంతా బ్రూకైట్‌తోనే. దాని పెద్ద పీకులు 25.3, 25.7 దగ్గర వస్తాయి, అంటే సరిగ్గా అనటేస్ పీకు కింద దాక్కుంటాయి. నానో కణాలకు పీకులు వెడల్పవుతాయి కాబట్టి అన్నీ కలిసి ఒకే కొండలా కనిపిస్తాయి. విడిగా దొరికేది 30.8 దగ్గరి పీకు ఒక్కటే.

ఈ పాఠం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఒక బయటి ల్యాబ్‌లో నిమిషానికి 10 డిగ్రీల వేగంతో తీయించుకొచ్చిన గ్రాఫ్ చూసి నోట్‌బుక్‌లో "స్వచ్ఛమైన అనటేస్" అని రాసుకున్నాను. ఒక బ్యాచ్ రంగు నీటిని బాగా తేటపరిచేది, ఇంకో బ్యాచ్ చేసేది కాదు, రెండు గ్రాఫులూ ఒకేలా ఉండేవి. నెలల తరబడి అదే టెన్షన్. ఆఖరికి ఒక ఆపరేటర్ గారు దయతలచి 29 నుంచి 32 డిగ్రీల మధ్య మాత్రమే, అడుగడుక్కీ ఆగుతూ, గంటసేపు స్కాన్ చేసి ఇచ్చారు. అంతవరకూ గరుకు గీతలా ఉన్న చోట 30.8 దగ్గర చిన్న దిబ్బ లేచింది. బాగా పనిచేసే బ్యాచ్‌లో అది ఉంది, రెండో దాంట్లో లేదు. ఏడాదిగా నా కళ్ల ముందున్న తేడా అది.

సైజు సంగతికి వద్దాం. 1918లో పాల్ షెరర్ ఇచ్చిన సూత్రం అందరికీ తెలుసు: 0.9ని తరంగదైర్ఘ్యంతో గుణించి, సగం ఎత్తు దగ్గర పీకు వెడల్పును కోణపు కొసైన్‌తో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. వెడల్పును రేడియన్లలోకి మార్చడం మర్చిపోకండి, కోణం సగం చేయడం మర్చిపోకండి. 25.3 దగ్గర వెడల్పు 0.8 డిగ్రీలు ఉంటే సుమారు 10 నానోమీటర్లు వస్తుంది. అయితే ఆ వెడల్పులో మిషన్ తన వంతుగా కలిపింది కూడా ఉంటుంది. అది 0.1 డిగ్రీ అనుకుని నేరుగా తీసేస్తే 11.6 వస్తుంది. పెద్ద తేడా కాదు, వదిలేయొచ్చు.

ఇప్పుడు వెడల్పు 0.15 డిగ్రీలే ఉన్న శాంపిల్ తీసుకోండి. మిషన్ వంతు తీయకపోతే 54 నానోమీటర్లు. వర్గాల తేడా పద్ధతిలో తీస్తే 73. నేరుగా తీస్తే 163. పీకు ఒక్కటే, జవాబులు మూడు! అందుకే కణాలు 10, 15 నానోమీటర్ల దగ్గరున్నప్పుడు షెరర్‌ని నమ్మొచ్చు, 50 దాటాక ఆ అంకెను పేపర్‌లో దశాంశాలతో రాయడం అన్యాయం. ల్యాంథనం హెక్సాబోరైడ్ లాంటి ప్రామాణిక పొడిని అదే మిషన్‌లో తీసిన ఫైల్ ఇవ్వమని అడగండి, చాలా ల్యాబుల్లో ఉంటుంది, అడిగితేనే ఇస్తారు.

శాతాలకు స్పర్, మయర్స్ 1957లో ఇచ్చిన తేలికైన లెక్క ఒకటుంది. రూటైల్ 27.4 పీకును అనటేస్ 25.3 పీకుతో భాగించి, దాన్ని 1.26తో గుణించి, ఒకటి కలిపి, ఒకటిని దానితో భాగిస్తే అనటేస్ వంతు వస్తుంది. నిష్పత్తి 0.2 అయితే అనటేస్ 80 శాతం. బ్రూకైట్ ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు, 25.3 దగ్గరి పీకులో దాని వాటా కూడా కలిసిపోతుంది కాబట్టి. అప్పుడు 1969లో హ్యూగో రీట్‌వెల్డ్ వివరించిన పద్ధతిలో మొత్తం గ్రాఫ్‌ను ఫిట్ చేయాలి. దీనికి ఫుల్‌ప్రాఫ్, జీసాస్-2 (GSAS-II) అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి, నేర్చుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ వారాలు వృథా కావు.

అయితే ఈ రెండు పద్ధతులూ స్ఫటికాలను మాత్రమే లెక్కించి మొత్తం నూరు చేస్తాయి. అమార్ఫస్ భాగం ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. అందరూ ప్రామాణికంగా వాడే పీ25 పొడినే తీసుకోండి. అనటేస్ 80, రూటైల్ 20 అని రాసేస్తుంటారు, కానీ 2010లో జపాన్ పరిశోధకులు విడదీసి చూస్తే సుమారు 78, 14, మిగతా 8 అమార్ఫస్ అని తేలింది. మీ సోల్-జెల్ పొడిని 400 డిగ్రీల లోపే కాల్చి ఉంటే అమార్ఫస్ ఇంకా ఎక్కువే ఉండొచ్చు. తూకం వేసి తెలిసినంత అల్యూమినా కలిపి తీయిస్తే ఆ భాగం బయటపడుతుంది.

ఇంకొక్క మాట, డోపింగ్ చేసేవాళ్లకు, అంటే వేరే లోహం కొద్దిగా చేర్చేవాళ్లకు. "పీకు 0.1 డిగ్రీ జరిగింది కాబట్టి లోహం లోపలికి వెళ్లింది" అని రాసేముందు ఆగండి. 150 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న చిన్న మిషన్‌లో హోల్డర్‌లో పొడి ఎత్తు 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ అయితే చాలు, 25 డిగ్రీల దగ్గరి పీకు 0.07 డిగ్రీలు జరుగుతుంది. గాజు పలకతో పొడిని అద్దేటప్పుడు చేతి వాటంలో వచ్చే తేడా అది. కొద్దిగా సిలికాన్ పొడి కలిపి తీయించండి, దాని పీకు 28.44 దగ్గర ఉండాలి, లేకపోతే ఎంత జరిగిందో అక్కడే తెలుస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీకి చేతకానిది కూడా చెప్పాలి. ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లను చూస్తాయి. టైటానియంకు 22, ఆక్సిజన్‌కు 8. బరువైన దాని పక్కన తేలికైనది మసకగా కనిపిస్తుంది, అందుకే ఆక్సిజన్ ఖాళీల (ఆక్సిజన్ ఉండాల్సిన చోట లేకపోవడం) గురించి మామూలు ఎక్స్‌ఆర్‌డీ నుంచి గట్టిగా ఏమీ చెప్పకూడదు.

రామన్

చిటికెడు పొడి చాలు, గాజు పలక మీద పెట్టి చూడొచ్చు, నిమిషాల్లో అయిపోతుంది, శాంపిల్ మళ్లీ మీ చేతికొస్తుంది. అనటేస్ పీకులు 144, 197, 399, 515, 639 దగ్గర వస్తాయి (రామన్ అంకెలన్నీ cm⁻¹లో). వీటిలో 144 ఎంత బలంగా వస్తుందంటే రూటైల్ రాశిలో కొంచెం అనటేస్ కలిసినా పట్టిస్తుంది. రూటైల్‌వి 447, 612, ఇంకా 235 దగ్గర ఒక వెడల్పాటి దిబ్బ.

ఇక్కడ మనవాళ్ల సంగతొకటి చెప్పకుండా ఉండలేను. ఒక స్ఫటికానికి ఎన్ని రామన్ పీకులు రావాలో దాని సౌష్ఠవం నుంచే లెక్కగట్టే పద్ధతిని వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా సూరి భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో ప్రచురించారు. భగవంతం గారిది అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి, సి.వి. రామన్ దగ్గర కలకత్తాలో పనిచేసి వచ్చినవారు. ఇవాళ మనం అనటేస్‌కు ఆరు, రూటైల్‌కు నాలుగు అని ధీమాగా చెప్తున్నామంటే ఆ రకం లెక్కే ఆధారం. మరి అనటేస్‌కు కంటికి ఐదే కనిపిస్తాయేం అంటే, 513, 519 దగ్గరివి రెండూ కలిసిపోయి 515 అయ్యాయి. రూటైల్ 235 దిబ్బ ఆ నాలుగింటిలో లేనే లేదు, అది రెండు కంపనాలు కలిస్తే వచ్చేది. ఈ లెక్క తెలిస్తే కనపడిన ప్రతి దిబ్బకూ కొత్త ఫేజ్ పేరు పెట్టే ప్రమాదం తప్పుతుంది.

రామన్‌లో బోర్లాపడే చోటు ఒకటుంది. బ్రూకైట్ ప్రధాన పీకు 153. అనటేస్‌ది 144 అన్నాం, కానీ కణం చిన్నదయ్యే కొద్దీ ఆ 144 పైకి జరుగుతుంది, వెడల్పవుతుంది. ఆక్సిజన్ ఖాళీలు ఉన్నా అదే పని చేస్తుంది. 148, 150 దగ్గర పీకు కనిపిస్తే అది చిన్న అనటేసా, ఖాళీలున్న అనటేసా, బ్రూకైట్ కలిసిందా? ఆ ఒక్క పీకు చూసి ఎవరూ చెప్పలేరు. బ్రూకైట్ అయితే 247, 322, 366 దగ్గర కూడా చిన్న పీకులుండాలి, అవి వెతకండి. సైజు ఎక్స్‌ఆర్‌డీ నుంచి తెచ్చుకుంటే మిగిలిన జరుగుడు ఖాళీల వల్ల అయ్యుండొచ్చని అప్పుడు వాదించండి. ఈ రెండు పరీక్షలూ ఒకదానికొకటి తోడు అని నేననేది ఇందుకే.

నల్లగా, ముదురు రంగులో ఉన్న శాంపిళ్లకు లేజర్ పవర్ బాగా తగ్గించమని చెప్పండి. తెల్ల పొడి ఆకుపచ్చ లేజర్‌ను పెద్దగా పీల్చుకోదు, నల్లది పీల్చుకుని ఆ మచ్చలోనే వేడెక్కుతుంది, వేడికి అనటేస్ కాస్తా రూటైల్‌గా మారొచ్చు. అప్పుడు మీరు కొలిచింది మీ శాంపిల్‌ని కాదు, లేజర్ తయారుచేసిన దాన్ని. అదే చోట తక్కువ పవర్‌తో ఒకసారి, ఎక్కువతో ఒకసారి తీసి పోల్చుకుంటే తెలిసిపోతుంది.

ఎఫ్‌టీఓ గాజు మీద పొరలు వేసేవాళ్లకు మాత్రం నా ఓటు రామన్‌కే. ఆ గాజు పూత టిన్ ఆక్సైడ్, దాని నిర్మాణమూ రూటైల్ రకమే. ఎక్స్‌ఆర్‌డీలో 26.6, 33.9, 37.9, 51.8 దగ్గర దాని పీకులే పెత్తనం చేస్తాయి, అనటేస్ 37.8 పీకు ఆ 37.9 కింద పడి నలిగిపోతుంది. రామన్‌లో ఆ గొడవ చాలావరకు ఉండదు. ఎక్స్‌ఆర్‌డీయే కావాలంటే కిరణాన్ని అర డిగ్రీ, ఒక డిగ్రీ వాలులో పంపే పద్ధతి అడగండి.

టీఈఎం

బొమ్మ అందంగా ఉంటుంది, పేపర్‌కు బరువొస్తుంది, అందుకే అందరికీ మోజు. నాకూ ఇష్టమే. కానీ ఒక లెక్క వేసి చూడండి. 10 నానోమీటర్ల అనటేస్ కణాలు ఒక మిల్లీగ్రాములో ఎన్నుంటాయంటే దాదాపు 5 కోట్ల కోట్లు. టీఈఎంలో మీరు చూసేది వందో, రెండు వందలో. అందులో అన్నీ అనటేసే కనిపించాయని పొడి మొత్తం అనటేస్ అనలేం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, నిజమే, కానీ కుండలో ఒకే రకం బియ్యం ఉంటేనే కదా. మిశ్రమంలో ఏది ఎంతో తేల్చాల్సినప్పుడు ఆ సామెత పనికిరాదు.

పరమాణు వరుసల ఎడం కొలిచి ఫేజ్ పేరు రాయడంలో ఇంకో తిరకాసు. అనటేస్ 101 వరుసలకు 0.352 నానోమీటర్లు, రూటైల్ 110కి 0.325 (101, 110 లాంటివి స్ఫటికంలో తలాల పేర్లు). స్కేలు సరిగ్గా సరిచూసిన మిషన్ అయితే ఈ రెంటినీ విడదీయొచ్చు. బ్రూకైట్‌కు 0.351, 0.347 ఉన్నాయి, ఒక్క ఎడం కొలిచి అనటేస్ అనేస్తే అది ఊహ మాత్రమే. ఒకే కణంలో రెండు దిక్కుల వరుసలు, వాటి మధ్య కోణం కావాలి, లేదా డిఫ్రాక్షన్ వలయాలన్నీ కొలవాలి.

మరి టీఈఎం ఎప్పుడు తప్పనిసరి? అనటేస్, రూటైల్ ఒకదానికొకటి నిజంగా అతుక్కున్నాయా, ఊరికే కలిసి పడి ఉన్నాయా అన్నది తేల్చాలంటే. కణం బయటికి 001 ముఖం చూపిస్తోందా 101 చూపిస్తోందా తెలియాలంటే. నల్ల టైటానియా కణం చుట్టూ ఒకటి రెండు నానోమీటర్ల క్రమం లేని తొక్క ఉందా అంటే. వీటికి వేరే దారి లేదు, డబ్బు పెట్టండి. ఎలక్ట్రాన్ కిరణం తాకిడికి టైటనేట్ ట్యూబులు కళ్ల ముందే మారిపోతుంటాయి కాబట్టి మొదటి బొమ్మ త్వరగా తీయించండి, ఎంతసేపు చూశారో రాసుకోండి. ఇక ఎస్‌ఈఎం చూపించేది ఆకారాన్నే. అందులో 200 నానోమీటర్ల గుండు కనిపించి ఎక్స్‌ఆర్‌డీలో 10 వస్తే రెండూ నిజమే కావొచ్చు, చిన్న స్ఫటికాలు గుత్తిగా చేరి గుండయ్యాయన్నమాట.

సింక్రోట్రాన్, న్యూట్రాన్: ఎవరికి?

పై మూడింటితో తేలని కేసులుంటాయి. 1998లో కసుగా బృందం టైటానియాను గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లో 110 డిగ్రీల దగ్గర ఉంచి సుమారు 8 నానోమీటర్ల ట్యూబులు చేసింది. ఆ పద్ధతిలో వచ్చేవి అనటేస్ ట్యూబులా, పొరలు పొరలుగా చుట్టుకున్న టైటనేట్లా (టైటానియం, ఆక్సిజన్‌తో పాటు సోడియం లాంటివి చేరినవి) అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఎందుకంటే ఎక్స్‌ఆర్‌డీలో 10 డిగ్రీల దగ్గర ఒక పొరల పీకు, ఆ తర్వాత నాలుగైదు వెడల్పాటి దిబ్బలు, అంతే. వాటికి రెండు మూడు నమూనాలు సరిపోతాయి.

ఇలాంటి వాటికి పీడీఎఫ్ మంచిది. పీకులతో పాటు కింద పరుచుకున్న నేపథ్యాన్ని కూడా వాడుకుని పరమాణువుల మధ్య దూరాలను నేరుగా ఇస్తుంది. టైటానియం నుంచి టైటానియంకు దూరం అనటేస్‌లో 3.04, 3.79 ఆంగ్‌స్ట్రామ్‌లు, రూటైల్‌లో 2.96, 3.57. కాపర్ ట్యూబు దీనికి చాలదు, మాలిబ్డినం లేదా సిల్వర్ ట్యూబు కావాలి, సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్-కిరణాలిచ్చే పెద్ద యంత్రం) అయితే ఇంకా మంచిది. మన దేశంలో ఇండోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్ పరిశోధన సంస్థలో ఇండస్-2 ఉంది, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులది. పౌడర్ డిఫ్రాక్షన్‌కు, ఎక్స్-రే శోషణకు బీమ్‌లైన్లున్నాయి, ప్రపోజల్ రాసి సమయం అడగాలి. టైటానియం శోషణ అంచు 4966 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. దానికి ముందు వచ్చే చిన్న పీకుల ఎత్తు, చోటు చూసి టైటానియం చుట్టూ ఆక్సిజన్లు నాలుగా, ఐదా, ఆరా చెప్పొచ్చు. స్ఫటికం కాకపోయినా పనిచేస్తుంది, అమార్ఫస్ శాంపిళ్లకు అదే వరం.

ఆక్సిజన్ స్థానాలే మీ ప్రశ్న అయితే న్యూట్రాన్. ఎక్స్-కిరణాలకు మసకగా ఉన్న ఆక్సిజన్ న్యూట్రాన్లకు టైటానియం కన్నా బాగా కనిపిస్తుంది. పైగా న్యూట్రాన్లను చెదరగొట్టే బలంలో టైటానియం గుర్తు రుణాత్మకం, ఆక్సిజన్‌ది ధనాత్మకం, రెండూ స్పష్టంగా విడిపోతాయి. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో ఈ సదుపాయం ఉంది. గ్రాముల లెక్కలో పొడి కావాలి, తడి ఉంటే హైడ్రోజన్ వల్ల నేపథ్యం విపరీతంగా పెరుగుతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇవన్నీ అక్కర్లేదు, దయచేసి ఆ హడావిడి పెట్టుకోకండి.

ఎక్స్‌పీఎస్, యూవీ-విజిబుల్ పేర్లు కూడా వింటారు. ఎక్స్‌పీఎస్ పై పొరలో టైటానియం ఏ స్థితిలో ఉందో చెప్తుంది, రెండోది బ్యాండ్ గ్యాప్ చెప్తుంది. రెండూ మంచివే, నిర్మాణం మాత్రం చెప్పవు.

ఎవరు ఏది తీసుకోవాలి

ఎమ్మెస్సీ, బీటెక్ ప్రాజెక్టు: ఒక మంచి ఎక్స్‌ఆర్‌డీ. మీ విశ్వవిద్యాలయంలోనే రామన్ ఉంటే అదీ. అంతే. టీఈఎంకు పెట్టే డబ్బుతో ఇంకో మూడు ఉష్ణోగ్రతల దగ్గర కాల్చిన శాంపిళ్లకు ఎక్స్‌ఆర్‌డీ తీయిస్తే అనటేస్ రూటైల్‌గా ఎక్కడ మారుతోందో మీ చేతుల్లో ఉంటుంది. ఆ గ్రాఫ్ విలువ ఎక్కువ.

ఫొటోక్యాటలిసిస్ పీహెచ్‌డీ: ప్రతి బ్యాచ్‌కూ ఎక్స్‌ఆర్‌డీ, ప్రతి బ్యాచ్‌కూ రామన్. బాగా పనిచేసినవి, అసలు పనిచేయనివి ఎంచి వాటికి మాత్రం టీఈఎం. పనిచేయని శాంపిల్‌కి కూడా తీయించండి, పోలిక లేకపోతే బొమ్మకు అర్థం లేదు.

టైటానియం రేకు మీద అనోడైజింగ్‌తో ట్యూబులు పెంచేవాళ్లు: పెరిగినప్పుడు అవి అమార్ఫస్, 450 డిగ్రీల దగ్గర కాలిస్తే అనటేస్ అవుతాయి. ఎక్స్‌ఆర్‌డీలో 38.4, 40.2 దగ్గర కనిపించేవి కింది లోహపు పీకులు, కంగారు పడకండి. రామన్ మొదట తీయించండి.

మాక్సీన్లు, అంటే 2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్‌లో మొదట చేసిన టైటానియం కార్బైడ్ పొరలు: ఎక్స్‌ఆర్‌డీలో చిన్న కోణాల నుంచి, 3 లేదా 5 డిగ్రీల నుంచి మొదలుపెట్టమనండి. 9.5 దగ్గరి పీకు కిందికి జరగడం, 39 దగ్గరిది మాయమవడం చూడాలి. మామూలుగా 20 నుంచి తీస్తే అసలు కథ గ్రాఫ్‌లో ఉండనే ఉండదు. రామన్‌లో లేజర్ ఎక్కువైతే అవి కాలి అనటేస్ పీకు చూపిస్తాయి, శాంపిల్ పాడైందని భయపడే ముందు పవర్ తగ్గించి చూడండి.

శాంపిల్‌తో పాటు ఈ చీటీ పంపండి

సంస్థల మిషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకొచ్చు, బుకింగ్ కూడా అక్కడే. పంపేటప్పుడు సీసా మీద పేరొక్కటే రాసి ఊరుకోకండి. ఆపరేటర్లు రోజుకు ఎన్నో శాంపిళ్లు చూస్తారు, మీరు అడగకపోతే రివాజుగా తీసేదే తీస్తారు, అది వాళ్ల తప్పు కాదు. నేనైతే ఇలా రాస్తాను:

"టైటానియం డయాక్సైడ్ పొడి, 450 డిగ్రీల దగ్గర కాల్చినది, సుమారు 10 నానోమీటర్లు. 20 నుంచి 80 డిగ్రీల వరకు, అడుగు 0.02, నిమిషానికి ఒక డిగ్రీకి మించకుండా. 29 నుంచి 32 మధ్య వీలైతే విడిగా ఇంకా నెమ్మదిగా. ఇదే సెట్టింగులతో తీసిన ప్రామాణిక పొడి ఫైల్ కూడా ఇవ్వగలరు. గ్రాఫ్ బొమ్మ కాకుండా అంకెలున్న అసలు ఫైల్ కావాలి. మిగిలిన పొడి తిరిగి ఇవ్వగలరు."

అసలు ఫైల్ అడగడం మాత్రం మర్చిపోవద్దు. రీట్‌వెల్డ్ చేయాలన్నా, ఏడాది తర్వాత రివ్యూయర్ బ్రూకైట్ గురించి అడిగినా, బొమ్మ మీద స్కేలు పెట్టి కొలవలేం కదా.